పాడుచేసినవాడు కావలెను

ఆ ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడున్నరకు స్నానం, ఎనిమిదింటికి టిఫిను, ఎనిమిదిన్నరకు బస్సు, పదింటికి ఇంటర్వ్యూ, ఒంటిగంటకు ఉద్యోగం. ఒంటిగంట తర్వాత ఏం చేయాలో కూడా మనవాడి భార్య ముందే ఖాయం చేసింది. తిరుగు దారిలో ఆమె తమ్ముడి బ్యాటరీల కొట్టు దగ్గర దిగి, "సోమవారం నుంచి కౌంటర్లో కూర్చోవడం నాకు కుదరదు, వేరే మనిషిని చూసుకో" అని మర్యాదగా చెప్పి రావాలి.

మనవాడు సాఫ్టువేరు మనిషి. ఆరేళ్లపాటు ఒకే కంపెనీలో, ఒకే గదిలో, ఒకే ప్రోగ్రాము రాస్తూ బతికాడు. నాలుగు నెలల క్రితం ఆ కంపెనీ మూతపడింది. అప్పటి నుంచి ఇంట్లో వంట, పాప లెక్కలు, కుళాయి రిపేరు అన్నీ అతని చేతి మీదుగానే నడుస్తున్నాయి, బాగానే నడుస్తున్నాయి కూడా. కానీ బావమరిది ఊరుకోలేకపోయాడు. బావమరిదిది వెన్నలాంటి మనసు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఓ మాట అనేసి తప్పించుకోవచ్చు. "బావ ఖాళీగా కూర్చుంటే నాకు ముద్ద దిగట్లేదక్కా" అని కౌంటరు వెనక వేయడానికి ఎత్తు స్టూలు కొని, దాని మీదికి మెత్త కూడా కుట్టించాడు. ఆ మెత్తను తలుచుకుంటేనే మనవాడికి నడుము పట్టేస్తోంది.

భార్య డ్రైవింగు స్కూలు నడుపుతుంది. పన్నెండేళ్లుగా ఎంతోమంది వణికే చేతులకు స్టీరింగు అప్పగించిన మనిషి. భయపడేవాళ్లను చూస్తే ఆమెకు జాలి వేయదు, హుషారు వస్తుంది.

"ఏవండీ, ప్రశ్న పడగానే గబుక్కున నోరు తెరవకండి," అంది పళ్లెంలో రెండో విడత వడ్డిస్తూ. "ముందు బ్రేకు మీద కాలు. తర్వాత అద్దం. వెనక ఎవరున్నారో చూసుకుని అప్పుడు కదలండి."

"ఇంటర్వ్యూలో నా వెనక ఎవరుంటారే?"

"మీ పాత టీము మొత్తం ఉంటుంది. ఉన్నది ఒక్క ఉద్యోగం. దానికి ఐదుగురూ వస్తున్నారుగా!"

సంగతి నిజమే. పిలుపు ఐదుగురికీ ఒకే రోజు, ఒకే చోటికి వచ్చింది. ఐదుగురి బయోడేటాల్లోనూ ఉన్నది ఒకే ప్రాజెక్టు. ఒక పళ్ల ఆసుపత్రిలో ఏ రోగి ఏ టైముకు ఏ డాక్టరు దగ్గరికి రావాలో చెప్పే ప్రోగ్రాము అది. ఐదుగురూ వరసగా వెళ్లి "ఇది నేనే చేశాను" అంటే వినేవాళ్లు నవ్విపోరూ? అందుకని ముందురోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర చేరి, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు ప్రాజెక్టును పంచుకున్నారు.

పెద్దవాటా అడక్కుండానే లీడుగారికి వెళ్లింది. టీముకు ఆయనే పెద్ద. "మొత్తం నిర్మాణం నాది" అన్నారు, గోడ మీద చెయ్యి వేసి ఇంటి యజమాని అన్నట్టు. డేటా దాచే పని చూసేవాణ్ణి అందరూ గోదాం అనేవారు. దాచడంలో అతన్ని మించినవాడు లేడు, ఆఫీసు పెన్నులతో సహా. అతనికి డేటా, దాంతోపాటు "తొమ్మిదింపావు" కథ దక్కాయి. తెర మీద కనిపించే రంగులూ బొత్తాలూ చేసేవాణ్ణి అద్దం అనేవారు. అతనికి తెరలు ఇచ్చారు. ఇవన్నీ పోగా అడుగున మిగిలింది మనవాడికి వచ్చింది: "రేపు ఫలానా టైముకు రండి" అని రోగులకు ముందురోజు సాయంత్రం గుర్తుచేసే మెసేజీలు. అవి నిజంగా అతను రాసినవే కాబట్టి పేచీ పెట్టలేదు.

ఐదో మనిషి టెస్టరక్క. ఈ నలుగురూ రాసినదాన్ని వాడి చూసి, ఎక్కడ చెడిందో పట్టుకోవడం ఆమె పని. నోట్లో నాలుక లేని మనిషి, కళ్లు మాత్రం ఉన్నాయి.

"నీకేం కావాలి అక్కా?" అని మనవాడే అడిగాడు.

"నాకేం వద్దులేరా. నేనేం చేశాను? మీరు చేసింది చూశాను, అంతే."

"చూడటం వాటాలోకి రాదులే అమ్మా," అని లీడుగారు పంపకం ముగించారు. చివర్లో ఆయనకే ఇంకోటి తట్టింది. "ప్రస్తుతం ఏం చేస్తున్నారని అడిగితే? నాలుగు నెలలుగా ఖాళీ అంటే ఏం బాగుంటుంది? మందుల షాపులకు ఒక ప్రోగ్రాము చేస్తున్నాం అందాం." అందరూ తలలూపారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటివాళ్ల కోసమే పుట్టి ఉంటుంది.

తొమ్మిదింపావు కథేమిటో ఇక్కడ చెప్పకపోతే బండి ముందుకు సాగదు. రెండేళ్ల క్రితం ఒక ఉదయం, ఆ ఆసుపత్రికి ఆ రోజంతా రావలసిన రెండు వందల పదమూడు మంది రోగులూ ఒకేసారి, సరిగ్గా తొమ్మిదింపావుకు, ఒకే డాక్టరు గది ముందు దిగారు. ప్రోగ్రామే రమ్మంది మరి. ఆ డాక్టరేమో చిన్నపిల్లల పళ్లు చూసే ఆవిడ. వాచిన బుగ్గలు పట్టుకుని పెద్దపెద్ద మనుషులు ఏనుగు బొమ్మల గోడ ముందు పొట్టి కుర్చీల్లో ముడుచుకుని మూలుగుతున్నారు. ఆరేళ్ల ప్రాజెక్టులో చెప్పుకోదగ్గ రోజు అదొక్కటే. మిగతా రోజులన్నీ ప్రోగ్రాము చక్కగా పనిచేసింది, చక్కగా పనిచేసిన రోజును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆ రోజు పొరపాటు ఎవరిదన్న మాట టీ కొట్టు దగ్గర ఎవరూ ఎత్తలేదు. మనవాడు మాత్రం గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

పదింటికల్లా ఐదుగురూ ఐదో అంతస్తులో, గాజు తలుపు ముందున్న సోఫాల్లో సర్దుకున్నారు. ముందు లీడుగారికి పిలుపొచ్చింది. కోటు బొత్తాం పెట్టుకుని వెళ్లిన మనిషి అరగంట తర్వాత బొత్తాం విప్పుకుని వచ్చారు.

"ఎలా జరిగింది సార్?"

"బ్రహ్మాండం," అన్నారు గోదాం మొహం వంక చూడకుండా. "ఒక్క చిన్న సంగతి. నిర్మాణం గురించి ఒక్క ముక్క అడగలేదయ్యా. మీ ప్రాజెక్టులో మీకు బాగా గుర్తున్న రోజేదో చెప్పండి అన్నారు. మనకు గుర్తుండే రోజు ఒక్కటేగా. నీ తొమ్మిదింపావు కొంచెం వాడుకున్నాను."

గోదాం లేచి నిలబడ్డాడు. "కొంచెమంటే ఎంత సార్?"

"కొంచెమే. నేనొక్కణ్ణే కూర్చుని మూడు గంటల్లో బాగుచేశానన్నాను. అంతకుమించి ఏం లేదు."

"ఇంక నాకేం మిగిల్చారు?"

"డేటా ఉందిగా నాయనా!"

ఇంతలో గోదాంకి పిలుపొచ్చింది. అతను నిన్నటి నుంచి ఆ కథ ఒక్కటే బట్టీ పట్టాడు. మధ్యలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ నిట్టూర్చాలో కూడా గుర్తులు పెట్టుకున్నాడు. అలాంటి మనిషిని పట్టుకుని వేరే పాట పాడమంటే ఎలా? ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చి తిన్నగా మనవాడి పక్కన కూలబడ్డాడు.

"తమ్ముడూ, నన్నూ అదే అడిగార్రా. నాకు అదే వచ్చు. అదే చెప్పేశాను."

"లీడుగారు చెప్పిందే మళ్లీనా అన్నా?"

"అదే ఎందుకవుతుంది? ఆయన మూడు గంటలన్నారు, నేను గంటన్నాను." గోదాం గొంతు తగ్గించాడు. "వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, ఇంకేం చేశారు అన్నారు. కంగారులో నీ మెసేజీలు కూడా నావే అనేశాను. ఏమనుకోకు."

"నావి నేనే రాశాను కదన్నా!"

"రాశావు, కాదనట్లేదు. ఇప్పుడు మాత్రం నావి."

"పోనీ, ఆ మందుల షాపు ప్రోగ్రాము సంగతి అడిగారా?" అన్నారు లీడుగారు అవతలి సోఫాలోంచి.

"అడిగారు సార్. ఇంకా మొదలుపెట్టలేదన్నాను."

లీడుగారు తల పట్టుకున్నారు. "నేను పూర్తయిపోయింది, జనం వాడుతున్నారు అన్నానయ్యా!"

అప్పటికి అందరికీ కొంచెం చెమట పట్టింది. మూడో పిలుపు అద్దానిది. లోపలికి వెళ్లబోతున్న అతని చొక్కా పట్టుకుని లీడుగారు మరీ మరీ చెప్పారు. "నీకు దణ్ణం పెడతాను, నువ్వు మాత్రం ఆ కథ ఎత్తకు." అద్దం నవ్వాడు. "ఛ, నాకేం ఖర్మ సార్!" పావుగంటలో అతని మొహం కూడా వాడిపోయి బయటికి వచ్చింది.

"ఎత్తావా?"

"నేనెక్కడ ఎత్తాను సార్, వాళ్లే ఎత్తారు. మీరు కూడా తొమ్మిదింపావేనా అన్నారు. కాదంటే ఆ రోజు ఆఫీసుకే రాలేదనుకుంటారని..."

"ఎంతసేపట్లో బాగుచేశావు?"

"ఇరవై నిమిషాలు." అద్దం నేల చూపులు చూశాడు. "ఒంటి చేత్తో. రెండో చేత్తో ఫోను పట్టుకుని రోగులను ఓదార్చానని కూడా అన్నాను."

ఆ లెక్కన ఇంకో ఇద్దరు లోపలికి వెళ్తే ఆ పొరపాటు జరగకముందే బాగుపడిపోయేది. మనవాడు నీళ్లు తాగే వంకతో వరండాలోకి వెళ్లి భార్యకు ఫోను చేశాడు.

"ఏమే, నా వాటా మొత్తం అయిపోయింది. మెసేజీలు గోదాం తీసుకున్నాడు. ఆ కథేమో ముగ్గురు చెప్పేశారు. నాకు చెప్పుకోవడానికి ఒక్క ముక్క లేదు."

అవతల కారు ఇంజను చప్పుడు. "అద్దం చూశారా?"

"చూశాను. వెనక ఎవరూ లేరు. అందరూ నన్ను దాటుకునే పోయారు."

"అయితే మరీ మంచిది. ఖాళీ రోడ్డు, మెల్లగా మీ దారిన మీరు వెళ్లండి. ఎడమకి! ఎడమకి తిప్పమ్మా, ఎడమకి! ... మిమ్మల్ని కాదు." ఫోను కట్టయింది.

మనవాడు లోపలికి అడుగుపెట్టేసరికి బల్లకు అవతల కళ్లజోడు మేడమ్, ఆవిడ పక్కన ఒక బట్టతల పెద్దమనిషి ఉన్నారు. వాళ్ల వెనక గోడకు తెల్లబోర్డు. దాని మీద పైన "తొమ్మిదింపావు" అని రాసి, కింద వరసగా ఒకటి, మూడు గంటలు. రెండు, ఒక గంట. మూడు, ఇరవై నిమిషాలు, ఒంటి చేత్తో అని రాసి ఉంది. నాలుగో అంకె వేసి పక్కన ఖాళీ ఉంచారు.

"కూర్చోండి," అంది మేడమ్. "మీ మీద మాకు కోపమేం లేదు. ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దామని కుతూహలం, అంతే. మీరెంతసేపట్లో బాగుచేశారు?"

పెద్దమనిషి అప్పటికే మార్కరు మూత తీసి పట్టుకున్నాడు. మనవాడు బ్రేకు మీద కాలు పెట్టాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు రెండేళ్లుగా ఆ రోజు మాట వస్తే చాలు ముడుచుకుపోతున్నాడు. ఇక ముడుచుకోవడానికి కూడా చోటు మిగల్లేదు.

"నేను బాగుచేయలేదండి."

"ఎందుకని?"

"పాడుచేసింది నేనే కాబట్టి."

ఉన్నట్టుండి పెద్దమనిషి కుర్చీలోంచి లేచి, బల్ల మీదుగా వంగి రెండు చేతులతో మనవాడి చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చారా బాబూ! పొద్దుటి నుంచి మీకోసమే చూస్తున్నాం. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం! బాగుచేసినవాళ్లే వరసగా వస్తున్నారు గానీ, అసలు చెడగొట్టినవాడు లేకుండా అది ఎలా చెడిందా అని నా బుర్ర వేడెక్కిపోయింది. చెప్పండి, ఎలా చేశారు?"

దొరికిన దొంగను ఇంత ఆదరంగా ఎవరూ అడిగి ఉండరు. మనవాడు చెప్పడం మొదలుపెట్టాడు. మెసేజీలు సరిగా వెళ్తున్నాయో లేదో చూసుకోవడానికి, టైము ఉండాల్సిన చోట ఆ క్షణంలో గడియారంలో ఉన్న తొమ్మిదింపావు అని తన చేత్తోనే రాసుకున్నాడు. డాక్టరు పేరు ఉండాల్సిన చోట జాబితాలో మొదటి పేరు పెట్టుకున్నాడు. పరీక్ష అయ్యాక తీసేద్దామనుకున్నాడు. తీయలేదు. మర్నాడు సాయంత్రం ఆరింటికి అదంతా ఆసుపత్రి ప్రోగ్రాములో కలిసింది, ఏడింటికి ఊరందరికీ మెసేజీ వెళ్లింది. మెసేజీతో ఆగినా బాగుండేది. ఆసుపత్రి వాళ్ల అసలు జాబితాలో కూడా అందరికీ అదే టైము పడిపోయింది.

మేడమ్ కాగితాలు తిరగేసింది. "ఆగండి. ఆ మెసేజీల భాగం రాసింది తానేనని రెండో ఆయన చెప్పారే?"

"అది... పంపకాల్లో అటు వెళ్లిందండి. రాసింది నేను."

"అంటే ఆయన లెక్క ప్రకారం పాడుచేసిందీ ఆయనే, గంటలో బాగుచేసిందీ ఆయనేనా?"

"పాడైంది ఆ భాగంలోనే అన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదండి," అన్నాడు మనవాడు నొచ్చుకుంటూ. పెద్దమనిషి జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఏడుపు మాత్రం కాదు.

"సరే," అంది మేడమ్. ఆవిడ నవ్వలేదు. "మరి బాగుచేసింది ఎవరు?"

ఆ ప్రశ్న వస్తుందని మనవాడు అనుకోలేదు. ఉన్నది ఒక్క ఉద్యోగం. తన తర్వాత లోపలికి రావాల్సింది అక్క. అక్క మాట ఇప్పుడు చెబితే ఉద్యోగం అక్కదే, అందులో అనుమానం లేదు. చెప్పకపోతే ఆమె తనంతట తాను చస్తే చెప్పుకోదు. బావమరిది కుట్టించిన మెత్త కళ్ల ముందు గుండ్రంగా కనిపించింది. మనవాడు దాన్ని పక్కకు నెట్టాడు.

"మా టెస్టరక్కండి," అన్నాడు. ఇక ఆగలేదు. "ఆమెకు మా ప్రోగ్రాము మీద నమ్మకం లేదు. మా మీద అసలే లేదు. రోజూ సాయంత్రం ఐదింటికి మర్నాటి జాబితా కాగితం మీద అచ్చు తీసి సంచిలో పెట్టుకునేది. మేం నవ్వేవాళ్లం. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఫోను రాగానే మేం నలుగురం ఎవరి కంప్యూటర్లో వాళ్లం తల దూర్చి, తప్పు నాది కాదంటే నాది కాదని చూసుకుంటున్నాం. ఆమె సంచి తీసుకుని ఆసుపత్రికి వెళ్లిపోయింది. అక్కడ ఒక పొట్టి కుర్చీ ఎక్కి నిలబడి, 'ముందు ఎవరికి నొప్పి ఎక్కువగా ఉందో చేతులెత్తండి, టైములు తర్వాత చూద్దాం' అందట. రెండు వందల పదమూడు మందినీ పేరు పేరునా పిలిచి, కాగితం చూసి, ఎవరి డాక్టరు దగ్గరికి వాళ్లను పంపింది. మధ్యాహ్నానికి హాలు ఖాళీ. ఒక్కరు కూడా తిట్టుకుంటూ వెళ్లలేదండి. తర్వాత ఆఫీసుకొచ్చి నీళ్లు కూడా తాగకుండా, 'మొన్న గడియారంలో తొమ్మిదింపావు అయినప్పుడు ఎవరు పని చేస్తూ ఉన్నారు?' అనడిగింది. నేను చెయ్యెత్తాను. పక్కన కూర్చోబెట్టుకుని ఆ లైను చూపించింది. తిట్టలేదు. తీసెయ్ అంది."

చెప్పడం అయ్యేసరికి మనవాడి కళ్లు చెమర్చాయి. ఆరేళ్లు ఆమె పక్క కుర్చీలో కూర్చుని ఈ మాట ఒక్కసారి కూడా ఆమెతో అనలేదన్నది అప్పుడే తెలిసొచ్చింది.

"ప్రస్తుతం ఏం చేస్తున్నారు?" అంది మేడమ్ కాగితం తిప్పి. "మందుల షాపు ప్రోగ్రామైతే వద్దు. అది ఉదయం పూర్తయింది, పదకొండింటికి మొదలుకాలేదు."

"మా ఆవిడ డ్రైవింగు స్కూలుకు చిన్నది రాశానండి. రెండు కార్లు, పంతొమ్మిది మంది నేర్చుకునేవాళ్లు. ఎవరు ఎప్పుడు ఏ కారు ఎక్కాలో చెప్తుంది."

"పనిచేస్తోందా?"

"ఒక్క మంగళవారం తప్ప."

"మంగళవారం ఏమైంది?"

"ఇద్దరికి ఒకే కారు, ఒకే స్టీరింగు వచ్చాయండి. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు సరిచేశాను."

పెద్దమనిషి మార్కరు తీసుకుని బోర్డు మీద నాలుగో అంకె పక్కన "పాడుచేసెను" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

టెస్టరక్క లోపలికి వెళ్లింది. పావుగంట అయింది, అరగంట అయింది, గంట కావస్తోంది. "ఆమెకు వాటా కూడా ఇవ్వలేదే, అంతసేపు ఏం చెప్తోంది?" అని లీడుగారు మూడుసార్లు అన్నారు. చివరికి గాజు తలుపు తెరుచుకుంది. మేడమే స్వయంగా అక్క వెంట బయటికి వచ్చి, ఈ ఉద్యోగం ఆమెకిస్తున్నామని, వచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలని, ముఖ్యంగా ఆ కథ మూడు రకాలుగా వినిపించినందుకు మరీ కృతజ్ఞతలని చెప్పింది.

"చూసినందుకు ఉద్యోగమా!" అన్నారు లీడుగారు లిఫ్టులో. అక్క కిందికి దిగాక మనవాణ్ణి పక్కకు పిలిచింది. "లోపల ఏం వాగావురా నువ్వు? వాళ్లు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. నాకెంత సిగ్గేసిందో తెలుసా?" అంటూనే అతని భుజం మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు.

ఆ రోజు బ్యాటరీల కొట్టు దగ్గర మనవాడు బస్సు దిగలేదు. ఇంటికెళ్లి జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా భార్యకు చెప్పాడు. ఆమె గ్లవ్సు విప్పుతూ అంతా విన్నది.

"మీరు చేసింది తప్పని నేననను. అనలేను కూడా," అంది. "ఒక్కటి చెప్పండి. బాగుచేసింది ఎవరని అడిగినప్పుడు బ్రేకు వేయలేదా?"

"వేశాను. అద్దం కూడా చూశాను. వెనక అక్క కనిపించింది."

ఆమె వంటింట్లోకి వెళ్లి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి తనే వండి, మొగుడికి ఇష్టమైనదల్లా కొసరి కొసరి వడ్డించింది. ఇలాంటి మనుషుల వల్ల ఇల్లు గడవడం కొంచెం కష్టమే గానీ, ఇల్లు నిలబడేది మాత్రం వీళ్ల మీదే. ఆ సంగతి ఆమెకు తెలుసు.

సోమవారం ఉదయం మనవాడు స్టూలెక్కాడు. మెత్త నిజంగానే మెత్తగా ఉంది, అదొక బాధ. బావమరిది అరగంటకోసారి "బావా, నడుము నొప్పిగా లేదు కదా" అని అడిగి మరీ నొప్పి పుట్టించాడు. బుధవారానికల్లా మనవాడు ఏ కారుకు ఏ బ్యాటరీయో కంఠస్థం చేశాడు, ఒకాయనకు తప్పు బ్యాటరీ ఇచ్చి, ఆయన వీధి మలుపు తిరిగేలోగా వెంటపడి పరుగెత్తి తనే చెప్పి మార్చి ఇచ్చాడు. గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది. కళ్లజోడు మేడమ్.

"మీ అక్కగారితో పెద్ద చిక్కొచ్చిందండి," అంది ఆవిడ.

మనవాడు స్టూలు దిగి నిలబడ్డాడు. "ఏమైందండీ?"

"మూడు రోజులుగా ఊరికే కూర్చుంటున్నారు. పని చూడండమ్మా అంటే, చూద్దామంటే ఎవరైనా ఏదైనా చేయాలి కదండీ అంటున్నారు. చేసేవాణ్ణి వేసుకుంటాం, మీ పాత టీములో ఎవరు కావాలో చెప్పండి అన్నాం. ఆవిడ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీశారు. ఆరేళ్లలో మీ ప్రోగ్రాములో దొర్లిన తప్పులన్నీ అందులో ఉన్నాయి. పేజీకి రెండు గళ్లు. ఒక గడి పైన 'నేను పట్టుకున్నవి' అని రాసి ఉంది. అందులో నలుగురి పేర్లూ ఉన్నాయి, లీడుగారిది కొంచెం ఎక్కువ సార్లే ఉంది. రెండో గడి పైన 'వచ్చి చెప్పినవి' అని ఉంది. ఆ గడిలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కటే పేరండి."

బ్యాటరీల మధ్య బావమరిది నిలబడి ఎవరన్నట్టు సైగ చేస్తున్నాడు.

"ఆవిడ ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్తాను," అంది మేడమ్. "'మిగతావాళ్లు చెడగొడితే నేను వెతుక్కోవాలండి. మా తమ్ముడు చెడగొడితే వాడే వచ్చి చెప్తాడు. నాకు సగం పని కలిసొస్తుంది. వాణ్ణి పిలిపించండి, నాకు నమ్మకముంది' అన్నారు. సోమవారం చేరగలరా?"

బావమరిది కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ మెత్తను కాగితంలో చుట్టి, కొత్త ఆఫీసు కుర్చీకి వేసుకోమని చేతికిచ్చి పంపాడు. సోమవారం మనవాడు చేరాడు. మధ్యాహ్నం రెండు కాకముందే అక్క దగ్గరికి తనే వెళ్లి, తన మీద ఆమె పెట్టుకున్న నమ్మకాన్ని నిలబెట్టుకున్నాడు.